తూకం తగ్గితే చాలదు.. సత్తువ నిలవాలి

* దూరపు పరుగుకు సిద్ధమవుతూ కడుపు మాడ్చుకుంటే మొదటికే మోసం
* కొవ్వు కరగాలి, కండ మిగలాలి.. అదీ పోటీకి నెలన్నర ముందే

అనంతపురం: తెల్లవారుజామున అయిదు గంటలకే జిల్లాలోని కళాశాల మైదానాలు, బైపాస్‌ రహదారులు యువతతో కళకళలాడుతున్నాయి. ఆగస్టులో జరిగే హైదరాబాద్‌ మారథాన్‌కు, ఏడాది చివర విశాఖ సాగరతీరంలో జరిగే నేవీ మారథాన్‌కు సాధన చేసేవారు కొందరు. అటవీ బీట్‌ అధికారి కొలువు కోసం నాలుగు గంటల్లో పురుషులు 25 కి.మీ., మహిళలు 16 కి.మీ. నడవాల్సిన పరీక్షకు సన్నద్ధమయ్యేవారు మరికొందరు. లక్ష్యాలు వేరైనా వీరిలో చాలామంది నోట వినిపించే మాట ఒక్కటే.. 'ఇంకో నాలుగు కిలోలు తగ్గితే చాలు, దూసుకుపోవచ్చు'.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ నాలుగు కిలోలు ఎలా తగ్గాలి, ఎన్నాళ్లలో తగ్గాలి, శరీరంలో ఏది తగ్గాలి అనే ప్రశ్నలకు సమాధానం తెలియక పలువురు అడ్డదారులు తొక్కుతున్నారు. రాత్రి భోజనం మానేయడం, అన్నం పూర్తిగా వదిలేయడం, ఎండలో వానకోటు తొడుక్కుని పరుగెత్తడం పరిపాటిగా మారింది. రెండు వారాల్లో తూకం తగ్గిందన్న సంతోషం మూడో వారానికే ఆవిరవుతోంది. కాళ్లు బరువెక్కడం, పిక్కలు పట్టేయడం, తరచూ జలుబు, జ్వరం పలకరించడంతో నెలల తరబడి చేసిన సాధన వృథా అవుతోంది. ఈ నేపథ్యంలో పరుగుకూ, బరువుకూ ఉన్న సంబంధాన్ని వివరించే ప్రయత్నమే ఈ కథనం.

తగ్గింది కొవ్వా? నీరా?

తూకపు యంత్రం చూపే అంకెలో ఎముకలు, కండరాలు, కొవ్వు, రక్తం, నీరు, పేగుల్లోని ఆహారం అన్నీ కలిసే ఉంటాయి. వీటిలో ఏది తగ్గినా అంకె తగ్గుతుంది. ఏది తగ్గిందో మాత్రం యంత్రం చెప్పదు. పరుగుకు భారమయ్యేది అదనపు కొవ్వు. పరుగును నడిపించేవి కండరాలు, రక్తం, నీరు, నిల్వ ఇంధనం. మొదటిది తగ్గితే లాభం, మిగిలినవి తగ్గితే నష్టం.

అన్నం, సంగటి, రొట్టెల్లోని పిండిపదార్థాలను శరీరం గ్లైకోజెన్‌ అనే రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు ఇలా నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌ తనతోపాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అంటే ఇంధనం, నీరు కలిసి రెండు కిలోల వరకు ఉంటాయి. అన్నం మానేసినవారు మొదటి వారంలోనే కిలోన్నర, రెండు కిలోలు తగ్గడానికి ప్రధాన కారణమిదే. అక్కడ తగ్గింది నడుము చుట్టూ ఉన్న కొవ్వు కాదు, పరుగుకు కావలసిన ఇంధనం. రెండు రోజులు కడుపునిండా తింటే ఆ బరువు మళ్లీ వచ్చి చేరుతుంది. అది చూసి అన్నం వల్లే లావెక్కుతున్నామని పొరబడి తిరిగి మానేసేవారు ఉన్నారు.

వానకోటు వేసుకుని పరుగెత్తితే తగ్గేదీ అంతే. చెమట రూపంలో ఒక లీటరు నీరు పోతే ఒక కిలో తగ్గుతుంది. రెండు చెంబుల నీళ్లు తాగగానే ఆ కిలో తిరిగి వస్తుంది. కొవ్వు ఒక్క గ్రాము కూడా అదనంగా కరగదు. పైపెచ్చు, వేడి బయటకు పోయే దారి లేక వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో ఇది ప్రాణాలతో చెలగాటమే.

లెక్క చూస్తే తెలుస్తుంది

పరుగుకు ఖర్చయ్యే శక్తిని అంచనా వేయడానికి ఒక తేలికైన సూత్రం ఉంది. శరీర బరువులో కిలోకు, పరుగెత్తిన కిలోమీటరుకు దాదాపు ఒక కిలో కెలోరీ చొప్పున ఖర్చవుతుంది. 60 కిలోల వ్యక్తి 10 కి.మీ. పరుగెత్తితే సుమారు 600 కెలోరీలు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కెలోరీల శక్తి దాగి ఉంటుంది. అంటే కిలో కొవ్వుకు సమానమైన శక్తి ఖర్చు కావాలంటే 128 కి.మీ. పరుగెత్తాలి. 42.195 కి.మీ. మారథాన్‌ మొత్తం పూర్తి చేసినా, ఖర్చంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా కరిగేది మూడొందల గ్రాముల పైచిలుకే. పోటీ ముగిశాక తూకంలో కనిపించే రెండు కిలోల తగ్గుదలలో అత్యధిక భాగం నీరే.

ఇదే లెక్కను తిప్పి చూద్దాం. రెండు వారాల్లో నాలుగు కిలోల కొవ్వు కరగాలంటే రోజుకు 2,200 కెలోరీల లోటు ఏర్పడాలి. కూర్చుని పనిచేసే ఒక పురుషుడి రోజువారీ అవసరమే దాదాపు అంత. కాబట్టి రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గామని ఎవరైనా చెబితే అందులో నీటి వాటా, కండ వాటా గణనీయంగా ఉన్నట్లే.

పరుగెత్తాం కదా అని ఇష్టారాజ్యంగా తిన్నా ఫలితం ఉండదు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కెలోరీలు ఉంటాయి. 60 కిలోల వ్యక్తి 10 కి.మీ. పరుగులో ఖర్చు చేసిన శక్తి అయిదు చెంచాల నూనెతో సమానం. ఉదయం సాధన ముగించుకుని ఉగ్గానితోపాటు నాలుగు బజ్జీలు లాగించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఉగ్గానిలో తప్పు లేదు, పక్కనున్న బజ్జీల విషయంలోనే జాగ్రత్త అవసరం.

తేలికైతే వేగం పెరుగుతుందా?

పెరుగుతుంది, ఒక హద్దు వరకు. పరుగులో ప్రతి అడుగుకూ శరీరాన్ని నేల నుంచి పైకి లేపాలి. మోసుకెళ్లే భారం తక్కువైతే అదే ప్రాణవాయువుతో ఎక్కువ దూరం వెళ్లవచ్చు. అదనపు కొవ్వు ఉన్నవారు నెమ్మదిగా, సరిగ్గా తింటూ మూడు కిలోలు తగ్గితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మోకాళ్లపై భారమూ తగ్గుతుంది.

ఆ హద్దు దాటితే కథ మారుతుంది. కరగడానికి అదనపు కొవ్వు లేనప్పుడు శరీరం కండను కరిగించుకుంటుంది. బండి తేలికైంది కానీ ఇంజిను కూడా చిన్నదైనట్లు లెక్క. పైగా కొంత కొవ్వు జీవక్రియలకు తప్పనిసరి. పురుషుల్లో శరీర బరువులో 3 శాతం, స్త్రీలలో 12 శాతం వరకు ఇలాంటి అత్యవసర కొవ్వు ఉంటుంది. స్త్రీ శరీరానికి ఎక్కువ కొవ్వు అవసరమన్నది ప్రకృతి సహజం. అన్నతో సమానంగా సన్నబడాలని చెల్లెలు ప్రయత్నించడం అర్థరహితం.

ఎత్తుకు తగిన బరువును తెలిపే బీఎంఐ సూచిక కూడా పూర్తి చిత్రాన్ని చూపదు. 170 సెంటీమీటర్ల ఎత్తు, 65 కిలోల బరువున్న ఇద్దరికీ బీఎంఐ 22.5గానే వస్తుంది. ఒకరి శరీరంలో 8 కిలోల కొవ్వు, మరొకరిలో 15 కిలోల కొవ్వు ఉండవచ్చు. భారతీయుల్లో 18.5 నుంచి 22.9 మధ్య ఉంటే సాధారణ బరువుగా పరిగణిస్తున్నారు. ఈ శ్రేణిలో ఉన్నవారు బరువు కంటే నడుము కొలతను గమనించడం మేలు. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకూడదన్నది ఆరోగ్య ప్రమాణం. దర్జీ వద్ద ఉండే టేపు చాలు. జిమ్ములలో కొవ్వు శాతం చూపే యంత్రాలు స్వల్ప విద్యుత్తును పంపి శరీరంలోని నీటిని బట్టి అంచనా కడతాయి. నీళ్లు తాగితే ఒకలా, చెమటోడ్చాక మరోలా చూపుతాయి. వాటి అంకెను చూసి కంగారు పడనక్కర్లేదు.

ఆకలి పరుగుతో అనర్థం

తినేది తక్కువ, పరుగుకు ఖర్చయ్యేది ఎక్కువ అయినప్పుడు మిగతా అవయవాలకు శక్తి చాలదు. అప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. ఎముకల నిర్మాణం, రోగనిరోధక శక్తి, సంతానోత్పత్తికి సంబంధించిన హార్మోన్ల ఉత్పత్తి వంటివాటికి కోత పెడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్‌ కమిటీ నిపుణులు 2014లో ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి, 2023లో తాజా మార్గదర్శకాలు వెలువరించారు. క్రీడల్లో సాపేక్ష శక్తి లోటుగా దీనిని చెప్పుకోవచ్చు. ఇది స్త్రీలకే కాదు, పురుషులకూ వస్తుంది. సన్నగా కనిపించేవారికే వస్తుందన్న నియమమూ లేదు.

దీనిని లెక్కగట్టే పద్ధతి ఉంది. రోజంతా తిన్న కెలోరీల నుంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసివేయాలి. మిగిలిన దానిని కొవ్వు మినహా శరీర బరువుతో భాగించాలి. 45 వస్తే అన్ని పనులకూ శక్తి చాలినట్లు, 30 కంటే తక్కువైతే ప్రమాదపు అంచున ఉన్నట్లు. ఉదాహరణకు 55 కిలోల యువకుడిలో 8 కిలోల కొవ్వు ఉందనుకుందాం. మిగిలింది 47 కిలోలు. రోజుకు 1,600 కెలోరీలు తిని, 10 కి.మీ. పరుగుకు 550 ఖర్చు చేస్తే మిగిలేది 1,050. దానిని 47తో భాగిస్తే 22 మాత్రమే. గీత గీసినట్లు అందరికీ ఒకే అంకె వర్తించకపోయినా, వారాల తరబడి ఇలా సాగితే దెబ్బ తగలడం ఖాయం.

ఇందుకు ప్రపంచ స్థాయి ఉదాహరణే ఉంది. అమెరికాకు చెందిన మేరీ కెయిన్‌ 17 ఏళ్లకే 2013 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 1500 మీటర్ల ఫైనల్‌ పరుగెత్తిన అసాధారణ క్రీడాకారిణి. ఇంకా ఇంకా సన్నబడాలన్న ఒత్తిడికి లోనై మూడేళ్లపాటు రుతుక్రమం నిలిచిపోయిందని, అయిదు ఎముకలు విరిగాయని ఆమె 2019లో బహిరంగంగా వెల్లడించారు. ప్రతిభ, సౌకర్యాలు, శిక్షకులు అన్నీ ఉన్నా చాలినంత తిండి లేనప్పుడు శరీరం మొరాయించిందన్నది ఇక్కడ గ్రహించాల్సిన విషయం.

అమ్మాయిలూ.. అశ్రద్ధ వద్దు

సాధన తీవ్రమైతే నెలసరి ఆగిపోవడం మామూలేనన్న అపోహ మైదానాల్లో బలంగా ఉంది. అది మంచి సాధనకు గుర్తు కాదు, శరీరానికి శక్తి చాలడం లేదని చేసే హెచ్చరిక. వరుసగా మూడు నెలలు రాకపోతే తప్పనిసరిగా వైద్యురాలిని సంప్రదించాలి. ఈస్ట్రోజెన్‌ హార్మోను తగ్గితే ఎముకల గట్టిదనం తగ్గుతుంది. యౌవనంలో పోగుచేసుకోవాల్సిన ఎముక బలం తర్వాతి వయసులో పూర్తిగా తిరిగి రావడం కష్టం. ఇంట్లో చెప్పుకోవడానికి బిడియపడే విషయం కనుక తల్లులు, వ్యాయామ ఉపాధ్యాయినులే చొరవ తీసుకుని అడగాలి.

రక్తహీనత మరో ముఖ్యమైన సమస్య. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తంలో హిమోగ్లోబిన్‌ తగ్గితే కండరాలకు ప్రాణవాయువు అందదు. ఎంత సాధన చేసినా ఆయాసమే మిగులుతుంది. దానిని బరువు ఎక్కువవడం వల్ల వచ్చిన ఆయాసంగా భావించి తిండి తగ్గిస్తే పరిస్థితి మరింత దిగజారుతుంది. బరువు తగ్గే ఆలోచన చేసేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించుకోవాలి. స్త్రీలలో 12 గ్రాములు, పురుషుల్లో 13 గ్రాముల కంటే తక్కువుంటే ముందు చికిత్స, ఆ తర్వాతే తూకం సంగతి. ఐరన్‌ మాత్రలు వైద్యుల సలహాతోనే వాడాలి. ఆకుకూరలు, పప్పులపై నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగకపోవడం మంచిది.

పళ్లెంలో ఏముండాలి?

దూరపు పరుగు అనగానే కెన్యా వీరులు గుర్తుకు వస్తారు. 2019 అక్టోబరు 12న వియన్నాలో ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పరుగులో మారథాన్‌ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేసిన ఎలియుడ్‌ కిప్చోగే ఆ దేశస్థుడే. వారి సన్నని దేహాలను చూసి అన్నం మానేసే మనవారు, వారి పళ్లేన్ని చూడటం లేదు. మొక్కజొన్న పిండిని ఉడికించి గట్టిగా కెలికి చేసే 'ఉగాలి' వారి ప్రధాన ఆహారం. చూడటానికి, తినడానికి అచ్చం మన సంగటిలాంటిదే. అక్కడి అగ్రశ్రేణి పరుగువీరుల ఆహార శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పిండిపదార్థాల నుంచే అందుతున్నట్లు 2000 దశకంలో జరిగిన పరిశీలనల్లో తేలింది. పరుగుకు పిండిపదార్థాలు శత్రువు కాదు, ఇంధనం.

అయితే రోజూ ఒకేలా తినాల్సిన పనిలేదు. సాధనను బట్టి పళ్లెం మారాలి. విశ్రాంతి రోజున అన్నం లేదా సంగటి పావు వంతు పళ్లెం, కూరగాయలు సగం, పప్పు, గుడ్డు లేదా చేప పావు వంతు ఉంటే సరిపోతుంది. 15 కి.మీ. దాటి పరుగెత్తే రోజున, దానికి ముందురోజు రాత్రి అన్నం లేదా సంగటి సగం పళ్లెం వరకు ఉండాలి. తగ్గించదలచుకుంటే విశ్రాంతి రోజున తగ్గించాలి తప్ప కఠిన సాధన రోజున కాదు.

కండ నిలవాలంటే మాంసకృత్తులు కీలకం. సాధారణ వయోజనులకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలునని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్దేశించాయి. దూరపు పరుగు సాధన చేసేవారికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు కావాలి. 60 కిలోల వ్యక్తికి ఇది రోజుకు 72 నుంచి 96 గ్రాములు. దీనికి ఖరీదైన పొడులు కొననక్కర్లేదు. రోజు మొత్తంలో రెండు గుడ్ల నుంచి 12 గ్రాములు, వంద గ్రాముల పప్పు నుంచి 22, మన ప్రాంతంలో బుడ్డలుగా పిలుచుకునే వేరుశనగ 50 గ్రాముల నుంచి 12, గ్లాసు పాలు, కప్పు పెరుగు నుంచి 14, నాలుగొందల గ్రాముల బియ్యం, రాగులు, జొన్నల నుంచి 30 గ్రాములు వస్తాయి. మొత్తం 90 గ్రాములు. ఒకేపూట కాక మూడు, నాలుగు విడతలుగా తీసుకుంటే కండకు మేలు. వేరుశనగలో నూనె శాతం ఎక్కువ కనుక గుప్పెడు దాటకూడదు. కండ పెంచుకునేందుకు ప్రొటీన్‌ పొడులను ఆశ్రయించవద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ సూచించింది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండటం ఎముకలకు అదనపు లాభం.

వేళలు కూడా ముఖ్యమే. తేలికపాటి ఉదయపు పరుగుకు ముందు ఒక అరటిపండు చాలు. సాధన ముగిసిన గంటలోపు అల్పాహారం తీసుకోవాలి. పది గంటల వరకు ఆకలితో ఉండి ఒక్కసారిగా తినేవారే సాయంత్రం చిరుతిళ్లపై పడుతుంటారు. గంటన్నర దాటిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు అవసరం. రెండు అరటిపండ్లు లేదా కొద్దిగా బెల్లం కలిపిన నిమ్మరసం ఆ అవసరాన్ని చాలావరకు తీరుస్తాయి.

ఎప్పుడు తగ్గాలి? ఎంత తగ్గాలి?

బరువు తగ్గడం, పోటీకి పదును పెట్టుకోవడం రెండూ ఒకేసారి సాగవు. ముందు తగ్గాలి, తర్వాత పదును పెట్టుకోవాలి. 16 వారాల వ్యవధి ఉంటే ఇలా పంచుకోవచ్చు.

* మొదటి 10 వారాలు: రోజుకు 300 నుంచి 400 కెలోరీల లోటు మాత్రమే ఉండాలి. వారానికి పావు కిలో నుంచి 350 గ్రాముల వరకు కొవ్వు తగ్గుతుంది. పది వారాల్లో రెండున్నర నుంచి మూడున్నర కిలోలు. పైన చెప్పిన 55 కిలోల యువకుడు ఇలా తగ్గితే శక్తి లెక్క 37 దగ్గర నిలుస్తుంది, ప్రమాదపు గీత దరిదాపులకు వెళ్లదు. ఆ 300 కెలోరీలు అన్నంలో కోయాల్సిన పనిలేదు. వంటలో ఒక పెద్ద చెంచా నూనె, మూడు టీలలో కలిపే రెండేసి చిన్న చెంచాల చక్కెర, సాయంత్రపు పిడికెడు మిక్చరు మానేస్తే చాలు.

* తర్వాతి 6 వారాలు: తగ్గే ప్రయత్నం ఆపాలి. దూరాలు, వేగం పెరిగే దశ ఇది. ఖర్చయినంతా తిరిగి తినాలి. అప్పటికి అనుకున్న అంకె రాకపోయినా ఉన్న బరువుతోనే పరుగెత్తాలి.

* చివరి వారం: పరుగు తగ్గి, తిండి అలాగే కొనసాగడం వల్ల కిలో, రెండు కిలోలు పెరగవచ్చు. అది కొవ్వు కాదు. కండరాల్లో నిండిన ఇంధనం, దానితో చేరిన నీరు. పోటీ రోజున అక్కరకొచ్చేది అదే. దానిని చూసి బెదిరి ముందురోజు ఉపవాసం ఉంటే నెలల శ్రమ నీటిపాలవుతుంది.

వారానికి రెండుసార్లు కండకు పని చెప్పాలి. తిండి లోటులో ఉన్నప్పుడు కండరాన్ని కాపాడేది ఈ పనే. బస్కీలు, దండాలు, మెట్లెక్కడం, ఒంటికాలిపై లేవడం వంటివి అరగంట చేస్తే చాలు, జిమ్ముతో పనిలేదు.

తూకం వారానికి మూడు రోజులు, ఉదయం కాలకృత్యాల తర్వాత, ఏమీ తినకముందు, ఒకే యంత్రంపై చూసుకోవాలి. మూడింటి సగటును రాసుకోవాలి. ఒక్కరోజు అంకెకు విలువ లేదు. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా కిలో అటూ ఇటూ మారుతుంది. పక్కనే నడుము కొలత, నిద్ర లేవగానే నాడి వేగం, ఆనాటి సాధన ఎలా సాగిందో రాసుకుంటే మంచిది. తూకం తగ్గుతూ సాధన కూడా మందగిస్తుంటే తిండి చాలడం లేదని అర్థం.

చెమట లెక్క ఇదీ..

తూకపు యంత్రం నిజంగా ఉపయోగపడే సందర్భం మరొకటి ఉంది. గంట పరుగుకు ముందు, తర్వాత తడి బట్టలు లేకుండా బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమటకు సమానం. మధ్యలో తాగిన నీటిని దానికి కలిపితే గంటకు ఎంత చెమట పోతున్నదో తెలుస్తుంది. శరీర బరువులో 2 శాతానికి మించి, అంటే 60 కిలోల వ్యక్తికి 1.2 కిలోలకు మించి తగ్గితే పరుగు దెబ్బతింటుంది. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ, ఓఆర్‌ఎస్‌ ద్రావణం వంటివి నీటితోపాటు లవణాలనూ భర్తీ చేస్తాయి.

అలాగని అతిగా తాగడమూ ప్రమాదమే. పరుగు ముగిశాక బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్లే. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తీవ్రమైతే మూర్ఛ వస్తాయి. 2002 బోస్టన్‌ మారథాన్‌లో 488 మందిని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తగ్గినట్లు తేలింది. పరుగులో బరువు పెరిగినవారికే ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది.

అడ్డదారులు వద్దు

కొవ్వు కరిగిస్తామంటూ అమ్మే మాత్రలు, పొడుల్లో గుండె వేగాన్ని పెంచే పదార్థాలు ఉండే అవకాశం ఉంది. మూత్రం ఎక్కువగా వచ్చేందుకు వాడే మాత్రలు నీటిని మాత్రమే తగ్గిస్తాయి, లవణాలను తారుమారు చేస్తాయి. ఇవి ప్రపంచ డోపింగ్‌ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో ఉన్నాయి. విరేచనాల మాత్రలూ అంతే ప్రమాదకరం. 18 ఏళ్లలోపు వారు బరువు తగ్గే ఆహార నియమాలు సొంతంగా పాటించరాదు. ఎదిగే వయసులో పరుగు కంటే పెరుగుదల ముఖ్యం. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా తిండిలో గానీ, సాధనలో గానీ మార్పులు చేయకూడదు.

ఈ లక్షణాలుంటే వైద్యుణ్ని కలవండి

* మూడు నెలలుగా నెలసరి రాకపోవడం
* పాదం, పిక్క ఎముకపై ఒకేచోట నొక్కితే నొప్పి. ఎముకలో సన్నని పగులుకు ఇది సూచన, పరుగు వెంటనే ఆపాలి
* నిద్ర పట్టకపోవడం, లేవగానే అలసట, తరచూ జలుబు, జ్వరం
* తల తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ
* తిండి గురించే నిరంతరం ఆలోచన, తిన్నాక అపరాధ భావన, నలుగురిలో తినడానికి వెనుకాడటం

చివరి లక్షణాన్ని తేలిగ్గా తీసుకోరాదు. అది క్రమశిక్షణ కాదు, చికిత్స అవసరమైన స్థితి. శిక్షకులు, వ్యాయామ ఉపాధ్యాయులు మైదానంలో అందరిముందు తూకం వేసి అంకెలు చదవడం మానుకోవాలి. తూకం ఎంతని కాకుండా, నిన్న రాత్రి ఏం తిన్నావని అడిగితే చాలు. జవాబులోనే చాలా సంగతులు బయటపడతాయి.

పోటీ రోజున పరుగు రేఖ దగ్గర తూకపు యంత్రం ఉండదు. అక్కడ గడియారం మాత్రమే ఉంటుంది. పదో కిలోమీటరు తర్వాత కూడా కాళ్లు మాట వింటే ఆ సన్నాహం సరైనదని లెక్క. అందుకు కావలసింది తగినంత తిండి, తగినంత నిద్ర, తొందరపడని తగ్గుదల.